సముద్రం లేని ఊళ్ళవాళ్ళకి సముద్రం చదువెందుకు?

మొన్న పండక్కి కోరుట్ల వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు ఓ ప్రశ్న వేశాడు. వాడు కొండగట్టు కింద నాచుపల్లిలో ఉన్న జేఎన్టీయూ కాలేజీలో ఫైనలియర్. గేట్ సిలబస్ ముందేసుకుని కూచుని, "మామా, ఈ ఎక్స్ఈ పేపర్ల అట్మాస్ఫెరిక్ అండ్ ఓషియానిక్ సైన్సెస్ అని ఒక సెక్షనున్నది. ఎవలు రాస్తరే ఇది?" అన్నాడు. పక్కనే కూరగాయలు తరుగుతున్న అక్క "గదేందిరా?" అంది. "సముద్రం సదువమ్మా" అన్నాడు వాడు. అక్క ఒక్క మాటలో తేల్చేసింది: "మన కోరుట్లల సముద్రమేడుందిరా? మంచిగ కంప్యూటర్ సదువు."

అందరం నవ్వేశాం. కానీ ఆ మాట హైదరాబాదు బస్సెక్కాక కూడా నన్ను వదల్లేదు. ఎందుకంటే మనలో చాలామందికి రోజూ తెలిసిన దారిలోనే, కూకట్‌పల్లి జేఎన్టీయూ నుంచి ఆటోలో పోయేంత దూరంలో, ప్రగతినగర్ పక్కన ఇన్‌కాయిస్ ఉంది. పూర్తి పేరు భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. సునామీ వస్తుందా రాదా అని దేశానికంతటికీ చెప్పేది వాళ్ళే. జాలరులకి ఏ దిక్కున చేపలు దొరకొచ్చో చెప్పేదీ వాళ్ళే. దేశం మొత్తానికి సముద్రం సంగతులు చెప్పే ఆఫీసు సముద్రం లేని ఊళ్ళో ఎందుకుంది? ఈ ప్రశ్న వెంట పడితే అక్క అడిగిన దానికి కూడా జవాబు దొరికింది. ఆ కథే ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు అక్క మాటలో ఉన్న నిజం ఒప్పుకోవాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్ళలో ఎక్కణ్ణుంచి గీత గీసినా దగ్గర్లో ఉన్న సముద్రం మూడువందల కిలోమీటర్లకి పైనే ఉంటుంది. అది కూడా మచిలీపట్నం వైపు. ఈ దూరం మ్యాపులోది మాత్రమే కాదు, చరిత్రలోది కూడా. నిజాం అలీఖాన్ 1766లో ఉత్తర సర్కారుల్ని ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించాడు. 1788లో గుంటూరు కూడా పోయింది. అంతటితో హైదరాబాదు రాజ్యానికి తీరం లేకుండా పోయింది. 1802 వర్తక ఒప్పందంలో మచిలీపట్నం రేవు వాడుకునే హక్కు కాగితం మీద దక్కింది గానీ, రేవు వాడుకోవడం వేరు, తీరం మనదై ఉండటం వేరు. 1947 ప్రాంతంలో పోర్చుగీసు వాళ్ళ దగ్గర గోవా రేవు సంపాదించాలని నిజాం ప్రయత్నించాడంటే ఆ లోటు ఎంత బాధించిందో ఊహించుకోవచ్చు.

అన్నట్టు, జగిత్యాల ఖిల్లా ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని మా దగ్గర చెప్పుకుంటారు. అదే నిజమైతే వాళ్ళు వచ్చింది సముద్రం మీదుగానే కదా! అంటే సముద్రం మా ఊరిదాకా వచ్చింది గానీ మేము దాని దగ్గరికి పోలేదన్నమాట.

పోయినవాళ్ళు పోయింది బతుకుతెరువు కోసం. సిరిసిల్ల నేతన్నలు బొంబాయికీ, భివండీకీ పోయారు. ఆ తర్వాత జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి వేలమంది దుబాయికీ, మస్కట్‌కీ పోయారు. మావాళ్ళలో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది విమానం కిటికీలోంచే. మా వాడకట్టులో "సముద్రం దాటిండు" అంటే మనిషి గల్ఫుకి పోయాడని. అది చదువుకునే వస్తువు కాదు, దాటాల్సిన అడ్డం. ఇది అర్థం చేసుకోకుండా మా పిల్లలకి ఓషియనోగ్రఫీ గురించి లెక్చరిస్తే అది గాల్లో కలిసిపోతుంది.

సరే, ఇక తీరం ఉన్న తెలుగువాళ్ళ సంగతికొద్దాం. మనకి సముద్రాన్ని కొలిచే చదువు మొదలైంది వాల్తేరులో. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ ఆంధ్రా యూనివర్సిటీకి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. ఆయన శాండియాగోలో అమెరికా నౌకాదళం వాళ్ళ ప్రయోగశాలలో సముద్ర శాస్త్రవేత్త. ఒక విడత చెప్పి వెళ్ళిపోయి, 1955లో మళ్ళీ వచ్చాడు. అప్పటికి యూనివర్సిటీకి సొంత పరిశోధన నౌక లేదు. కొలతల కోసం మన నౌకాదళం వాళ్ళ మైన్‌స్వీపర్లు అరువడిగి తీసుకున్నారు. సముద్రంలో మందుపాతరలు ఏరడానికి కట్టిన ఓడలు అవి. వాటి డెక్కు మీదినుంచి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కుర్రాళ్ళు సీసాలు దించి నీళ్ళు పట్టారు.

ఆ రోజుల్లో సముద్రాన్ని కొలవడమంటే ఏంటో మనలాంటి వాళ్ళకి తెలియాలి. లోతులో నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కనుక్కోవాలంటే థర్మామీటర్ దించితే సరిపోదు, పైకి లాగేలోపు రీడింగు మారిపోతుంది. అందుకని నాన్సెన్ సీసా అని ఒకటి వాడేవాళ్ళు. తీగకి కట్టి లోతుకి దింపుతారు. తర్వాత అదే తీగ మీద ఒక ఇత్తడి బరువుని జార్చి వదులుతారు. అది పోయి తగిలితే సీసా తలకిందులై మూతపడుతుంది, దానికి తగిలించిన థర్మామీటర్లో పాదరసం అక్కడే తెగిపోయి ఆ లోతులోని ఉష్ణోగ్రతని అలాగే పట్టి ఉంచుతుంది. మన భాషలో చెప్పాలంటే ఆ క్షణానికి కమిట్ చేసి లాక్ చెయ్యడం.

ఇంకోటి బాతీథర్మోగ్రాఫ్. 1930ల చివర్లో అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ తయారుచేశాడు. చిన్న టార్పెడో లాంటి గొట్టం. లోపల పొగ పట్టించిన చిన్న గాజు పలక, దాని మీద ఒక సూది. లోతు పెరిగితే పలక ఒక వైపుకి జరుగుతుంది, వేడి మారితే సూది ఇంకో వైపుకి కదులుతుంది. పైకి లాగేసరికి పలక మీద ఒక గీత ఉంటుంది. అదే గ్రాఫు. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల వేటకి ఇది ఎంత పనికొచ్చిందో లెక్కలేదు, ఎందుకంటే నీటిలో శబ్దం ఎటు వంగుతుందో ఉష్ణోగ్రతని బట్టే తెలుస్తుంది. అంటే యుద్ధం కోసం పుట్టిన పరికరాలు, యుద్ధం కోసం కట్టిన ఓడలు కలిసి వాల్తేరులో ఒక ఎమ్మెస్సీ కోర్సుకి ఊపిరి పోశాయి.

ఆ కొలతల్లోంచి ఏం తేలింది? తీరం వెంబడి వేసవికి ముందు కిందినుంచి చల్లని నీళ్ళు పైకి వస్తాయని, వానాకాలం వెళ్ళాక పరిస్థితి తిరగబడి పైనీళ్ళు కిందికి దిగుతాయని లాఫాండ్ రాశాడు. తూర్పు తీరం వెంట నీళ్ళ ఉప్పదనం ఏ నెలలో ఎంత మారుతుందో లెక్క కట్టాడు. యూనివర్సిటీ వాళ్ళు 1954లోనూ, 1958లోనూ ఈ పరిశోధనల్ని రెండు సంపుటాలుగా అచ్చువేశారు. జువాలజీలో పి.ఎన్. గణపతి గారు, జియాలజీలో సి. మహదేవన్ గారు ఇదే సముద్రాన్ని తమ తమ వైపుల నుంచి పట్టుకున్నారు. ఒక్క శాఖ పని కాదది.

తర్వాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర వచ్చింది. 1959 నుంచి 1965 దాకా డజనుకి పైగా దేశాలు, సుమారు నలభై ఓడలు పాల్గొన్నాయి. అందులో ఆంటన్ బ్రూన్ అనే ఓడ ఒకటి. అది అంతకుముందు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ షికారు చేసిన విలాస నౌక! 1963లో అది బంగాళాఖాతంలో తిరిగినప్పుడు లాఫాండ్ అందులో ఉన్నాడు. విశాఖ ఎదుట సముద్రం అడుగున ఉన్న లోయల్ని ధ్వనితో కొలిచి వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. నీళ్ళ కింద మన పేర్లతో లోయలున్నాయని మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే ముప్పయ్యేళ్ళు దాటేదాకా తెలీదు.

ఆ యాత్ర ఊపులోనే 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది, గోవా కేంద్రంగా. 1981లో కేంద్రంలో సముద్రాభివృద్ధి శాఖ వచ్చింది. 1993లో సముద్ర పరికరాల కోసమే చెన్నైలో ఎన్ఐఓటీ వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి బయటికి పోయినవాళ్ళలో ఒకాయన గురించి చెప్పాలి: టాడ్ మూర్తి. అసలు పేరు తాడేపల్లి సత్యనారాయణ మూర్తి. వాల్తేరు నుంచి చికాగోకి, అక్కణ్ణుంచి కెనడాకి. 1977లో సునామీల మీద ఆయన రాసిన పుస్తకం ఆ రంగంలో చాలామందికి పాఠ్యగ్రంథం. సరిగ్గా అదే ఏడాది నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు పదివేలమంది పోయారు. ఉప్పెనల లెక్కలు కట్టగల తెలుగువాడు కెనడాలో ఉన్నాడు, ఉప్పెన మాత్రం కృష్ణా జిల్లాలో వచ్చింది. ఆయన్ని తప్పుపట్టడానికి కాదు ఇది చెప్తున్నది. మనమూ ఆన్‌సైట్ అంటే ఎగబడే వాళ్ళమే కదా. చదువు ఒక్కటే ఉంటే చాలదు, ఆ చదువుని రోజువారీ పనిగా మార్చే వ్యవస్థ ఇక్కడ ఉండాలి అని చెప్పడానికి.

ఆ వ్యవస్థ ఎక్కడ వచ్చిందయ్యా అంటే, మా హైదరాబాదులో.

బాలానగర్లో ఎన్నారెస్సే ఉండేది, ఇప్పటి ఎన్నారెస్సీ. ఉపగ్రహాల బొమ్మలు వచ్చేది అక్కడికే. నీటి ఉపరితలం ఎక్కడ వేడిగా, ఎక్కడ చల్లగా ఉందో ఉపగ్రహం నుంచి తెలుస్తుంది. వేడినీళ్ళూ చల్లనీళ్ళూ కలిసే అంచుల దగ్గర చేపలకి మేత ఎక్కువ, కాబట్టి చేపలూ ఎక్కువ. ఈ అంచుల్ని గుర్తించి మ్యాపులుగా చేసి రేవులకి పంపే పని 1990లలో అక్కడ జరిగింది. గమనించారా, సముద్రం మీద పని చేస్తున్నారు గానీ సముద్రం దగ్గర ఉండాల్సిన అవసరం పోయింది. ఓడ స్థానంలో డేటా వచ్చింది. 1999 ఫిబ్రవరిలో ఇన్‌కాయిస్ ఏర్పడినప్పుడు హైదరాబాదుని ఎంచుకోవడానికి ఈ నేపథ్యం ఉంది. అదే ఏడాది మే 26న సముద్రం కోసమే తయారైన ఓషన్‌శాట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఇన్‌కాయిస్‌కి తొలి డైరెక్టర్‌గా చేసిన కె. రాధాకృష్ణన్ గారే తర్వాత ఇస్రో ఛైర్మన్ అయ్యారు.

2004 డిసెంబరు 26 ఉదయం ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. సుమత్రా దగ్గర భూమి కదిలిన తర్వాత అలలు మన తీరానికి చేరడానికి రెండు గంటలకి పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో చెప్పే నాథుడు లేడు, చెప్పడానికి ఏర్పాటూ లేదు. ఆ పాఠం తర్వాత 2007 అక్టోబరు 15న ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో భూకంపం వస్తే, మొదటి బులెటిన్ ఇవ్వడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అంతకంటే ముఖ్యం, నడిసముద్రంలోని యంత్రాల రీడింగులు చూసి ప్రధాన తీరం నుంచి జనాన్ని తరలించక్కర్లేదని చెప్పగలిగారు. అలారం మోగించడం తేలిక. మోగించొద్దని ధైర్యంగా చెప్పాలంటే డేటా మీద నమ్మకం కావాలి. ప్రొడక్షన్ సపోర్టులో రాత్రిళ్ళు పనిచేసినవాళ్ళకి ఈ సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు :)

ఇక మనకి అచ్చంగా సంబంధించిన భాగం: ఆర్గో. ఇది సముద్రాల్లో తిరిగే ఫ్లోట్ల గుంపు. ఒక్కో ఫ్లోటు మనిషెత్తు గొట్టం. వెయ్యి మీటర్ల లోతుకి దిగి అక్కడ నీటితో పాటు కొట్టుకుపోతుంటుంది. పది రోజులకోసారి రెండువేల మీటర్లకి దిగి, అక్కణ్ణుంచి పైకి వస్తూ దారి పొడుగునా వేడి, ఉప్పు, పీడనం కొలుస్తుంది. పైకి రాగానే ఉపగ్రహానికి డేటా పంపి మళ్ళీ మునిగిపోతుంది. బ్యాటరీ ఉన్నంత కాలం ఇదే పని. అప్రైజల్ అడగదు. 2000 ప్రాంతంలో మొదలుపెట్టి 2007 నవంబరుకల్లా మూడువేల ఫ్లోట్లు చేశారు, ఇప్పుడు సుమారు నాలుగువేలు. మన దేశం 2002లో చేరింది. మన ఫ్లోట్ల డేటా తీసుకుని, శుభ్రం చేసి ప్రపంచానికి ఇచ్చేది ఇన్‌కాయిసే. మైన్‌స్వీపర్ మీద నెలల తరబడి తిరిగి లాఫాండ్ శిష్యులు పట్టిన సీసాల పని ఇప్పుడు తనంతట తానే జరిగిపోతోంది. డేటా అంతా ఉచితం. మీ ల్యాప్‌టాప్‌లోకి ఇవాళే దించుకోవచ్చు.

శుభ్రం చెయ్యడం అన్నాను చూడండి, అసలు చదువు అక్కడే ఉంది. ఫ్లోటు నుంచి వచ్చిన ప్రతి విలువకీ ఒక ఫ్లాగు తగిలిస్తారు: ఒకటంటే మంచిది, నాలుగంటే చెడ్డది. మొదటి తనిఖీ మనిషి ప్రమేయం లేకుండా ఒక్క రోజులో అయిపోతుంది. అసలు తనిఖీకి ఏడాది దాకా పడుతుంది, అది సముద్రం తెలిసిన మనిషి కూచుని చెయ్యాల్సిన పని. ఇందులో తప్పు జరిగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ. 2003 నుంచి 2005 మధ్య సముద్రాల పైభాగం చల్లబడిందని 2006లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. భూమి వేడెక్కుతోందని చెప్తున్న కాలంలో ఇది పెద్ద దుమారమే. మరుసటి ఏడాది అసలు సంగతి బయటపడింది. కొన్ని ఫ్లోట్లలో ఉష్ణోగ్రతలకి తప్పు లోతులు జతపడ్డాయి. పాతరకం కొలతల్లో ఉన్న తేడా కూడా దానికి తోడైంది. సముద్రం చల్లబడలేదు, డేటా తప్పు. ఆ తప్పుని పట్టుకోవాలంటే కోడ్ తెలియాలి, సముద్రమూ తెలియాలి. ఒక్క కోడ్ తెలిసినవాడికి ఆ అంకెలు అన్నీ సరైనవిగానే కనిపిస్తాయి. పీజీ స్థాయిలో ఈ చదువు ఎందుకుండాలి అంటే నా మటుకు నాకు కనిపించే జవాబు ఇదే.

ఇంతదాకా బాగానే ఉంది గానీ, కోరుట్లకి దీంతో ఏం పని అంటారా? వస్తున్నా.

జగిత్యాల జిల్లాలో ధర్మపురి ఉంది, నరసింహస్వామి పాదాల దగ్గర గోదావరి. సిరిసిల్ల పక్కన పారే మానేరు కూడా పోయి గోదావరిలోనే కలుస్తుంది. వానాకాలంలో మా చేల మీద పడి కాలువల్లో, చెరువుల్లో ఆగకుండా మిగిలిన నీళ్ళు బంగాళాఖాతంలో పడతాయి. గంగా బ్రహ్మపుత్రల ముందు గోదావరి చిన్నదే, కానీ అన్నీ కలిసి చేసే పని ఒకటే. మంచినీళ్ళు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైన పలచని పొరలా పరుచుకుంటాయి. మహాసముద్రాల్లో ఉప్పు మామూలుగా కిలో నీటికి 35 గ్రాముల దగ్గర ఉంటే, బంగాళాఖాతం ఉత్తరాన వానల తర్వాత పైనీళ్ళలో 30 కంటే తగ్గిపోవడమూ ఉంది. ఆ పలచని పొర కింది చల్లనీళ్ళతో తొందరగా కలవదు. ఎండకి త్వరగా వేడెక్కుతుంది, వేడిగానే ఉండిపోతుంది.

సముద్రం పైభాగం 28 డిగ్రీలు దాటితేనే పెద్ద మేఘాలు బాగా కట్టుకుంటాయని సులోచనా గాడ్గిల్ గారూ, సహచరులూ 1984లో చూపించారు. వానాకాలంలో అరేబియా సముద్రం చల్లబడిపోతుంటే బంగాళాఖాతం మాత్రం వేడిగా ఎందుకుంటోందో, అందులో ఈ మంచినీటి పొర పాత్ర ఏమిటో 2002లో గోవా సంస్థకి చెందిన షెనాయ్, శంకర్, షెట్యే లెక్క తేల్చారు. ఆ షెనాయ్ గారే తర్వాత ఇన్‌కాయిస్ డైరెక్టర్‌గా హైదరాబాదు వచ్చారు. బంగాళాఖాతం వేడిగా ఉంటే అల్పపీడనాలు పుడతాయి. అవి లోపలికి వచ్చి ఎక్కడ కురుస్తాయి? మా దగ్గరే. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు చెరువులైంది అలాంటి అల్పపీడనం వల్లే. మగ్గాలున్న ఇళ్ళలోకి నీళ్ళొస్తే నేతన్నకి ఆ నెల గడవదు. అదే అల్పపీడనం అసలు రాకపోతే జగిత్యాలలో వరి నారు మళ్ళలోనే ముదిరిపోతుంది, పసుపు చేను ఎండుతుంది.

కాబట్టి అక్కా, కోరుట్లలో సముద్రం లేదన్న మాట సగమే నిజం. మన నీళ్ళు అక్కడికి పోతున్నాయి, అక్కడి నీళ్ళు మన నెత్తిన పడుతున్నాయి. మధ్యలో జరిగే లెక్క మాత్రం ఎవరో కడుతున్నారు. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రం రైతులకి వాతావరణ సలహాలు ఇస్తుంది. దేశం స్థాయిలో వానాకాలం ఎలా ఉంటుందో నెలల ముందు చెప్పే మోడళ్ళకి మొదటి ఇన్‌పుట్ సముద్రం పరిస్థితి, అందులో హైదరాబాదులో శుభ్రం చేసిన డేటా ఉంది. ఈ గొలుసులో ఒక కొస పొలాసలో, ఇంకో కొస నడి బంగాళాఖాతంలో ఉంది. రెండు కొసలూ తెలిసినవాడు మా జిల్లాలోంచి ఒక్కడైనా ఉండాలని కోరుకోవడం అత్యాశా?

దారులు లేవా అంటే ఉన్నాయి. ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజనీరింగ్ శాఖ ఉంది, బోయ్‌లు, లంగర్లు, అలల బలం లాంటివి అక్కడ. సముద్రం, వాతావరణం కలిపి చదవాలంటే బెంగళూరు ఐఐఎస్సీ, ఢిల్లీ, ఖరగ్‌పూర్, భువనేశ్వర్ ఐఐటీలు. సైన్సు డిగ్రీ వాళ్ళకి ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ భూమి, సముద్రం, వాతావరణం కలిపిన కేంద్రం ఉంది. ఇన్‌కాయిస్ ఆవరణలోనే దేశదేశాల వాళ్ళకి ఈ పని నేర్పే శిక్షణ కేంద్రం 2013 నుంచి నడుస్తోంది. అంటే ఆఫ్రికా నుంచీ, ఆగ్నేయాసియా నుంచీ విమానమెక్కి హైదరాబాదు వచ్చి నేర్చుకుంటున్నారు. బస్సులో నాలుగైదు గంటల దూరంలో ఉన్న మా పిల్లలకి అలాంటిది ఒకటుందని తెలీదు. 2021లో కేంద్రం 4077 కోట్లతో ఐదేళ్ళ డీప్ ఓషన్ మిషన్‌కి ఒప్పుకుంది. ముగ్గుర్ని ఆరువేల మీటర్ల లోతుకి తీసుకుపోయే మత్స్య 6000 వాహనాన్ని ఎన్ఐఓటీ తయారు చేస్తోంది. డబ్బుంది, పని ఉంది.

ఇందులో తీపే కాదు, చేదూ చెప్పాలి. పర్మనెంటు ఉద్యోగాలు తక్కువ. చాలామంది ఏళ్ళ తరబడి ప్రాజెక్టు పోస్టుల్లో, కాంట్రాక్టుల్లో గడుపుతారు. మనకి మొదటి ఏడాదిలో వచ్చే జీతం వాళ్ళకి పీహెచ్‌డీ అయ్యాక కూడా రాకపోవచ్చు. ఇంటి మీద అప్పుండి, తండ్రి గల్ఫులో ఉండి, చెల్లి పెళ్ళి ముందున్న కుర్రాడితో "నీకు దేశసేవ ముఖ్యం" అనడానికి నాకు నోరు రాదు. నేనూ అదే లెక్కలేసుకుని సాఫ్ట్‌వేర్లోకి వచ్చినవాణ్ణే. కానీ ఒక తేడా ఉంది. తెలిసి వద్దనుకోవడం వేరు, అసలుందనే తెలియకపోవడం వేరు. నాచుపల్లి కాలేజీ 2007లో వచ్చింది, సిరిసిల్లలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2021లో వచ్చింది. మా ముందు తరాలకి లేని కాలేజీలు గడప దగ్గరికి వచ్చాయి. వాటిలో చదివే వందమందిలో తొంభై తొమ్మిదిమంది సాఫ్ట్‌వేర్‌కే పోనీ. ఆ ఒక్కడికైనా ఇలాంటిదొకటుందని చెప్పాల్సింది ఎవరు? వాళ్ళకి ఎంసెట్‌లో ఏ బ్రాంచి తీసుకోవాలో ఫోన్లో సలహాలిచ్చే మనమే కదా.

తిరిగొచ్చాక ఆదివారం వీడియో కాల్‌లో మావాడికి ఒక ఆర్గో ఫైలు దింపి చూపించాను. బంగాళాఖాతంలో వానలు వెళ్ళిన తర్వాత తీసిన ప్రొఫైలు. వాడే పైథాన్‌లో పది లైన్లు రాసి గ్రాఫు గీశాడు. పైన కొద్ది మీటర్లు ఉప్పు తక్కువగా ఉండి, కిందికి పోయేకొద్దీ ఒక్కసారిగా పెరిగింది. కాసేపు చూసి అడిగాడు: "మామా, ఈ పైన నీళ్ళల్ల మన ధర్మపురి నీళ్ళు గూడ ఉంటయా?"

ఉండొచ్చురా, కానీ ఎన్ని ఉన్నాయో చెప్పాలంటే ఎవరో ఒకరు కూచుని లెక్క కట్టాలి అన్నాను.

వెనకనుంచి అక్క గొంతు వినిపించింది, "ఇంకా సముద్రమేనారా?" అని. "లేదక్కా, నువ్వు సదువుమన్న కంప్యూటరే సదువుతుండు" అన్నాను. అబద్ధమేం కాదు.

వాడు ఆ సెక్షన్ రాస్తాడో లేదో నాకు తెలీదు, రాయమని నేను ఒత్తిడీ చెయ్యను. మీలో ఎవరైనా ఈ చదువు చదివినవాళ్ళుంటే, ముఖ్యంగా తీరం లేని ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళుంటే, మీ అనుభవం రాయండి. వాడికి చూపిస్తాను. నా మాట కంటే మీ మాటకి బరువెక్కువ.